సైన్స్ ఫెయిర్ల ప్రశ్నకు ఎన్ని మార్కులు?

సైన్స్ ఫెయిర్ అనంగనే మన కండ్ల ముందట ఏం కనవడ్తది? థర్మాకోల్ కొండ, దాంట్ల నుంచి పొంగే ఎర్ర నురుగు. సిరంజీలతోని లేసే జేసీబీ. చీకటి కాంగనే వెలిగే వీధి దీపం. చంద్రయాన్ రాకెట్ బొమ్మ. ఎనుక రంగురంగుల చార్టు, పక్కన ఇస్త్రీ బట్టలేసుకున్న ఇద్దరు పిల్లలు, గుక్క తిప్పుకోకుంట అప్పజెప్పే ఇంగ్లీషు పాఠం. ఏ ఊరికి పోయినా, ఏ ఏడు పోయినా గవే బల్లలు, గవే బొమ్మలు.

పిల్లలను తప్పు పడ్తలేను. వాళ్లకు గట్ల చెయ్యమని నేర్పిన పద్ధతి గురించి మాట్లాడాలె. ఉత్తగ తిట్టుడు కాకుంట, పోయినేడు మా వరంగల్‌ల ఒక సర్కారు బడి పిల్ల చేసిన ఫిజిక్స్ ప్రాజెక్టును మొదటి నుంచి చివరిదాక మీ ముందట పెడ్త. అప్పుడు తొమ్మిదో తరగతి. పిల్ల పేరు, బడి పేరు రాస్తలేను, ముచ్చటకు వాటితోని పని లేదు. ఆ బడికి నేను అప్పుడప్పుడు పోయి పిల్లలతోని కూసుంట. ఆ ప్రాజెక్టు నోటుబుక్కు మొత్తం చదివిన. అందుకే రాస్తున్న.

ప్రశ్న ఇంట్ల పుట్టింది

ఆ పిల్ల నాయిన ఎనుమాముల మార్కెట్‌ల హమాలీ. అమ్మ మిరపకాయల తొడిమెలు తీసే కైకిలికి పోతది. పెద్దక్క కాన్పుకొచ్చి ఇంట్లనే ఉన్నది. బడి నుంచి రాంగనే చంటి పోరని చీర ఉయ్యాల ఊపుడు ఈ పిల్ల పని. ఒకనాడు నాయినమ్మ అన్నదట: "పోరడు బరువెక్కిండు బిడ్డా, ఉయ్యాల మెల్లగ ఊగుతున్నది సూడు."

అదే వారం బడిల సారు లోలకం గురించి చెప్పిండు. దారానికి కట్టి ఊపిన బరువును లోలకం అంటరు. అది ఒకసారి అటు పోయి ఇటు వచ్చేటందుకు పట్టే టైము దారం పొడుగు మీద ఆధారపడ్తది గని, కట్టిన బరువు మీద ఆధారపడది. పుస్తకంల మాట గిది. నాయినమ్మ చెప్పింది దీనికి ఉల్టా. ఎవరిది నిజం?

ప్రాజెక్టు ఈ ప్రశ్నతోనే మొదలైంది. ఎవ్వరూ లిస్టుల నుంచి తీసి ఇయ్యలే, యూట్యూబుల చూసి పట్టుకరాలే. నోటుబుక్కు మొదటి పేజీల పిల్ల రాసుకున్న మాట ఒక్కటే: "ఉయ్యాల బరువైతె మెల్లగ ఊగుతదా?"

దారం, రాయి, ఫోన్

సామాను ఏంది? కొత్తవాడల షత్రంజీలు నేసే ఒక ఇంటి నుంచి అడుక్కొచ్చిన గట్టి నూలు దారం. దర్వాజకు కొట్టిన మొల. గోలీ అంత రాయి ఒకటి, పిడికిలి అంత రాయి ఒకటి. టైలర్ దగ్గర తెచ్చిన టేపు. అక్క ఫోన్ల ఉన్న స్టాప్‌వాచ్. పైసలు పెట్టి కొన్నది నోటుబుక్కు ఒక్కటే.

మొదటి దినం ఒక్క ఊపుకు టైము కొలిచింది. మీటర్ పొడుగు దారానికి ఒకసారి 1.8 సెకన్లు వచ్చింది, ఇంకోసారి 2.2, మరోసారి 2.0. అదే దారం, అదే రాయి, అదే మనిషి, లెక్క మాత్రం మూడు తీర్ల. పిల్ల పరేషాన్ అయ్యింది. రాయి తీరు మారలే, మారింది పిల్ల వేలు. కన్ను చూసినంక వేలు ఫోన్ మీద పడేదాంక ఎవరికైనా సెకన్ల ఐదో వంతు పడ్తది. రెండు సెకన్ల ఊపుల 0.2 సెకన్లు అంటె నూటికి పది పాళ్లు తప్పు.

దీనికి తొవ్వ సారు చూపెట్టిండు. ఒక్క ఊపు కాదు, 20 ఊపులు లెక్కపెట్టి మొత్తం టైమును 20తోని భాగించుమన్నడు. వేలు చేసే తప్పు గప్పుడు గూడ 0.2 సెకన్లే, కని ఇప్పుడది 40 సెకన్ల మీద పంచుకున్నట్టు. నూటికి అర పాలు. గింత సింపుల్ ఉపాయంతోని కొలత 20 రెట్లు గట్టిదైంది. ఖరీదు మెషిన్ కొన్నా ఇంతకంటె ఎక్కువ నేర్పది. కొలతల ఎంత తప్పు ఉండొచ్చో తెలుసుకునుడే ఫిజిక్స్‌ల మొదటి మెట్టు.

ఇంకో జాగ్రత్త గూడ తీసుకున్నది. నూలు దారం బరువుకు సాగుతది. అందుకే రాయి కట్టినంకనే పొడుగు మళ్ల కొలిచింది. రాయిని మరీ దూరం గుంజి ఇడువలే. పుస్తకంల లెక్క చిన్న ఊపులకే సరిగ్గ పని చేస్తది. నిలువు నుంచి 45 డిగ్రీల దాక గుంజి ఇడిస్తె ఒక్క ఊపు టైము నూటికి నాలుగు పాళ్లు పెరుగుతది. పిల్ల ప్రతిసారి నాలుగు వేళ్ల దూరమే గుంజింది, ఒక్కో కొలతను ఐదు సార్లు తీసింది.

పుస్తకానికి ఎదురొచ్చిన లెక్క

మొల కాడి నుంచి ముడి దాక 50 సెంటీమీటర్ల దారం. గోలీ అంత రాయికి 20 ఊపులు 28.7 సెకన్లు. అదే దారానికి పిడికిలి అంత రాయి కడితె 29.8 సెకన్లు. ఐదు సార్లు చూసినా అదే తేడా. సెకను కంటె ఎక్కువ. వేలు తప్పు 0.2 సెకన్లే కదా, మరి ఈ సెకను ఎక్కడిది? పెద్ద రాయి మెల్లగ ఊగుతున్నది. నాయినమ్మ గెలిచినట్టే.

ఈడ ఒక పెద్దమనిషి సలహా ఇచ్చిండు: "పుస్తకంల బరువుతోని సంబంధం లేదని ఉన్నది. రెండిటికీ 28.7 అని రాసెయ్, జడ్జిలు ఏం తూకం ఏసి చూస్తరా?" మన బడులల్ల ప్రాక్టికల్ రికార్డులు ఎట్ల రాస్తరో ఎరుకున్నోళ్లకు ఈ మాట కొత్త కాదు. జవాబు ముందుగాల రాసి, లెక్కలు ఎనుకకు నింపుడు మనకు అలవాటైపోయింది. సైన్స్ చచ్చిపోయే జాగ గదే. బొమ్మ కొనుక్కొచ్చుడు కంటె గిది పెద్ద తప్పు. దొంగ లెక్క రాసిన పిల్లకు పుస్తకం గెలిచినట్టే కనవడ్తది, కని ఆ పిల్ల తన కండ్లను నమ్ముడు బంద్ చేస్తది.

ఈ పిల్ల రాయలే. మూడు దినాలు ఆ సెకను ఎనుకనే తిరిగింది. రాళ్లు మార్చింది, దారం మార్చింది. ఆఖరుకు బొమ్మ గీసుకుంటుంటె దొరికింది. పొడుగు తను ముడి దాకనే కొలుస్తున్నది. కని ఊగేది ముడి కాదు, రాయి. రాయి బరువంతా దాని నడిమిట్ల ఉన్నట్టు లెక్క. గోలీ రాయి నడుమ ముడికి ఒక సెంటీమీటరే కింద ఉన్నది. పెద్ద రాయి నడుమ ఐదు సెంటీమీటర్లు కింద ఉన్నది. అంటె ఒకటి 51 సెంటీమీటర్ల లోలకం, ఇంకోటి 55 సెంటీమీటర్లది. రెండూ ఒక్కటే పొడుగు అనుకునుడే తప్పు.

రెండిటికీ దారం సర్ది, మొల నుంచి రాయి నడుమ దాక సరిగ్గ 50 సెంటీమీటర్లు చేసింది. మళ్ల కొలిచింది. చిన్న రాయికి 28.4, పెద్ద రాయికి 28.4. తేడా మాయమైంది. నోటుబుక్కుల ఆ పేజీ కింద పిల్ల ఏం రాయలే, రెండు గీతలు మాత్రం గట్టిగ కొట్టింది.

బరువు ఎందుకు లెక్కల రాదు? పెద్ద రాయిని భూమి గట్టిగ గుంజుతది. కని పెద్ద రాయిని కదిలించుడు గూడ గంతే కష్టం. గుంజుడు ఎన్ని రెట్లు పెరిగితె, మొండితనం గూడ అన్నే రెట్లు పెరుగుతది. రెండూ కొట్టేసుకపోతయి. మిగిలేది పొడుగు, భూమి గుంజే జోరు, ఈ రెండే.

మరి నాయినమ్మ మాట అబద్ధమా? కాదు. పిల్ల ఇంటికి పోయి ఉత్త ఉయ్యాలల ఐదు కిలోల బియ్యం మూట పెట్టి చూసింది. చీర సాగి ఉయ్యాల నాలుగు వేళ్లు కిందికి దిగింది. 20 ఊపులకు దగ్గర దగ్గర సెకను ఎక్కువ పట్టింది. పోరడు బరువెక్కుతె చీర సాగుతది, చీర సాగితె పొడుగు పెరుగుతది, పొడుగు పెరిగితె ఉయ్యాల మెల్లగైతది. నాయినమ్మ చూసింది నిజమే, చెప్పిన కారణమే ఒక మెట్టు తప్పింది. పుస్తకం గూడ నిజమే. ఇద్దరి నడుమ ఉన్న దారిని ఒక తొమ్మిదో తరగతి పిల్ల టేపు పెట్టి కొలిచింది.

దర్వాజకు కట్టిన దారంతోని భూమిని కొలుసుడు

అక్కడితోని ఆగలే. 25 సెంటీమీటర్లకు 20 ఊపులు 20.1 సెకన్లు, 100 సెంటీమీటర్లకు 40.2. పొడుగు నాలుగింతలైతె టైము రెండింతలే అయ్యింది. వర్గమూలం అంటె ఏందో లెక్కల క్లాసుల అర్థం కానిది, దారం చూపెట్టింది. పొడుగును, టైమును సూత్రంల పెట్టి లెక్క చేస్తె గురుత్వ త్వరణం 9.77 అని వచ్చింది. పుస్తకంల 9.8 ఉంటది. పిల్ల 9.77 పక్కన "0.1 అటు ఇటు" అని రాసింది. ఆ మూడు మాటల విలువ జడ్జిలకు తెలిసుంటె బాగుండు.

గురుత్వం అంతట ఒక్క తీర్ల ఉండదు. భూమధ్యరేఖ కాడ 9.78, ధ్రువాల కాడ 9.83. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది, కాబట్టి మన దగ్గర 9.78 దరిదాపులనే ఉంటది. ఈ తేడాను ప్రపంచం తెలుసుకున్నది గూడ లోలకంతోనే. 1672ల జాన్ రిషే అనే ఫ్రెంచాయన పారిస్‌ల సరిచేసిన లోలకం గడియారాన్ని దక్షిణ అమెరికాల కాయెన్‌కు తీసుకపోతె, అది దినానికి రెండున్నర నిమిషాలు ఎనుకవడ్డది. సరిచెయ్యాలంటె లోలకాన్ని మూడు మిల్లీమీటర్ల కంటె కొద్దిగ తక్కువ పొట్టి చెయ్యాల్సొచ్చింది. దీన్ని పట్టుకోనే న్యూటన్ 1687ల అచ్చైన తన గ్రంథంల భూమి నడుమ ఉబ్బి ఉన్నదని వాదించిండు. మన దేశంల గూడ సర్వే అధికారి జేమ్స్ బాసెవి 1865 నుంచి ఊరూరు తిరిగి లోలకంతోని గురుత్వం కొలిచిండు. 1871ల లడఖ్ ఎత్తు కొండలల్ల అదే పని మీద ఉండి పానం ఇడిసిండు. దారం, రాయి అని తీసిపారేసే ముచ్చటకు గింత చరిత్ర ఉన్నది.

ఫెయిర్ నాడు

ఫెయిర్ నాడు ఆ పిల్ల బల్ల మీద ఒక స్టాండు, రెండు రాళ్లు, ఒక నోటుబుక్కు. పక్క బల్ల మీద మోటర్, లైట్లు, నీళ్ల ఫౌంటెన్. దుకాణంల రెడీమేడ్ కిట్లు దొరుకుతున్నయి, వెయ్యి రెండు వేలు పెట్టగలిగిన ఇంటి పిల్లల బల్లలు మెరుస్తయి. చూడొచ్చినోళ్లు లైటు కాడ ఆగుతరు, రాయి కాడ ఆగరు. జడ్జిలు వచ్చిండ్రు. రెండు నిమిషాలు నిలవడ్డరు. "ఇది పుస్తకంల ఉన్నదే కదమ్మా, కొత్త ఏమున్నది? సమాజానికి ఉపయోగం ఏంది?" అని అడిగిండ్రు. పిల్ల నోటుబుక్కు తెరిచేలోపట ముందటి బల్లకు పోయిండ్రు. బహుమతి రాలే.

ఆ జడ్జిలు చెడ్డోళ్లని అంటలేను. ఒక్క పూటల వందల బల్లలు చూడాలె. వాళ్ల చేతుల ఉన్న కాయితంల గళ్లు అట్లనే ఉంటయి: మోడల్ ఎట్లున్నది, కొత్తదనం ఏంది, ఉపయోగం ఏంది, ఎట్ల చెప్పిండ్రు. నువ్వు ఏం కొలిచినవ్, ఎన్నిసార్లు కొలిచినవ్, లెక్క ఎదురు తిరిగితె ఏం చేసినవ్ అనే గడి ముందట వరుసల ఉండాలె. ఉండదు.

పథకాలు ఎట్లున్నయి?

కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకం గురించి హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులందరికీ తెల్వాలె. బడి తరఫున ఐదు ఐడియాల దాక ఆన్‌లైన్ల పంపొచ్చు. ఎంపికైతె పిల్ల బ్యాంకు ఖాతాల 10,000 రూపాయలు పడ్తయి. దేశం మొత్తం మీద లక్ష ఐడియాలకు పైసలిచ్చి, జిల్లా నుంచి 10,000 రాష్ట్రానికి, అక్కడి నుంచి 1,000 జాతీయ స్థాయికి, ఆఖరుకు 60 దాక వడపోయాలనేది పథకం లెక్క. మంచి పథకమే. సర్కారు బడి పిల్లలు దీనితోని ఢిల్లీ దాక పోయిండ్రు. రాజన్న సిరిసిల్ల జిల్లా హనుమాజీపేట జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లగాడు వడ్లు బస్తాలకెత్తే యంత్రం చేసి 2019ల జాతీయ స్థాయిల బహుమతి కొట్టిండు. కల్లం కాడ మనుషులు పడే గోస చూసిన కండ్లకే గా ఐడియా వస్తది.

కని ఇన్‌స్పైర్ అడిగేది యంత్రం, ఉపాయం. కొలిచి తెలుసుకునే ఫిజిక్స్‌కు దాంట్ల జాగ తక్కువ. 1993 నుంచి నడుస్తున్న నేషనల్ చిల్డ్రన్స్ సైన్స్ కాంగ్రెస్ కొంచెం వేరు. ఊరి సమస్యను పిల్లలే జట్టుగ పరిశీలించి రిపోర్టు రాయాలె. ఆ పద్ధతి మన మండల, జిల్లా ఫెయిర్లల్లకు రావాలె.

ఉపాయం గూడ ప్రశ్న నుంచే పుడ్తది. ఆలేరు దగ్గర శారాజీపేటల పుట్టిన చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే చదువు బంద్ చేసిండు. ఆసు పోసి పోసి అమ్మ భుజాలు నొస్తున్నయి, దీనికి తొవ్వ లేదా అన్న ఒక్క ప్రశ్నను ఏండ్ల తరబడి ఇడువలే. ఆసు యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. రేపు అసొంటి పిల్లగాడే ఇయ్యాల ఫెయిర్ల నిలవడ్డడనుకోండ్రి. మెరిసే బొమ్మ లేదని వాని బల్ల దాటిపోతమా?

ఏం చెయ్యాలె?

అడిగేవి పెద్ద కోరికలు కావు. ఖర్చు ఎక్కువయ్యేవి గూడ కావు.

ఒకటి, మార్కులల్ల సగం నోటుబుక్కుకు పెట్టాలె. తారీకులతోని, కొట్టివేతలతోని, ఫెయిలైన కొలతలతోని ఉన్న నోటుబుక్కు. అది దుకాణంల దొరకది.

రెండు, ఖర్చుకు హద్దు పెట్టాలె. 300 రూపాయలు అనుకుందాం. అంతకు మించితె మార్కులు కోసెయ్యాలె. అప్పుడు హమాలీ బిడ్డ, కాంట్రాక్టర్ బిడ్డ ఒక్కటే గీత మీద నిలవడ్తరు.

మూడు, పిల్ల తన భాషల చెప్పుకోనియ్యాలె. లోలకం తెలుగుల ఊగినా, ఇంగ్లీషుల ఊగినా టైము అదే పడ్తది.

నాలుగు, జడ్జి ఒక్కో బల్ల కాడ పది నిమిషాలు కూసోవాలె. మనుషులు సరిపోరంటరా? 1959ల నెహ్రూ పునాది రాయి ఏసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ ఇయ్యాల ఎన్ఐటీ అయి కాజీపేట తొవ్వల ఉన్నది. కాకతీయ యూనివర్సిటీ ఉన్నది. హంటర్ రోడ్డుల రీజినల్ సైన్స్ సెంటర్ ఉన్నది. ఫిజిక్స్ చదివే ఒక్కో విద్యార్థి ఏడాదికి నాలుగు సార్లు ఒక్కో సర్కారు బడికి పోతె చాలు, వరంగల్ ముఖమే మారుతది.

ప్రశ్నలకు మనకు కరువు లేదు. ఎండకాలం రంజన్ల నీళ్లు ఎంత సల్లవడ్తయి, తడిగుడ్డ చుట్టితె ఇంకెంత? భద్రకాళి చెరువు నీళ్లు మేల ఒక గిన్నెల పోసి పెడితె దినానికి ఎంత ఎత్తు ఆవిరైతయి? మార్కెట్‌ల ఎండవోసిన మిర్చి బస్తా బరువు వారంల ఎంత తగ్గుతది, ఆ తగ్గిన బరువు పైసలు ఎవరి జేబుల నుంచి పోతున్నయి? రామప్ప గుడి గోపురం ఇటుకలు నీళ్లల్ల తేలుతయంటరు, మరి మన బట్టీల ఇటుక ఎందుకు మునుగుతది, ఏం కలిపి కాలిస్తె తేలుతది? ఒక్కోటి ఒక్కో ఫిజిక్స్ ప్రాజెక్టు. వీటికి థర్మాకోల్ అక్కరలేదు.

శాస్త్రీయ దృక్పథం పెంచుకునుడు ప్రతి పౌరుని బాధ్యత అని రాజ్యాంగంల 51ఏ అధికరణ చెప్తది. 1976ల చేర్చిండ్రు. ఫిబ్రవరి 28న సైన్స్ దినం నాడు మైకుల ఈ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకుంటం. ఆ దృక్పథం చప్పట్లతోని రాదు. పుస్తకం ఒకటి చెప్పి, కన్ను ఇంకోటి చూసినప్పుడు, పిల్ల దొంగ లెక్క రాయకుంట మూడు దినాలు ఆగగలిగితె గప్పుడు వస్తది. గట్ల ఆగిన పిల్ల పెద్దగైనంక తూకంల మోసాన్ని అడుగుతది, కూలి లెక్కను అడుగుతది, బాబాను అడుగుతది, లీడర్‌ను గూడ అడుగుతది.

ఈ ఏడు మీ బడిల ఫెయిర్ అయితె పోండ్రి. లైట్లు లేని బల్ల కాడ ఒక్క పది నిమిషాలు నిలవడుండ్రి. "ఏం చేసినవ్ బిడ్డా" అని కాదు, "నీ లెక్క ఎక్కడ తప్పింది, ఎట్ల దొరకవట్టినవ్" అని అడుగుండ్రి.